ద్రాక్షారామం దారా, కోనసీమా, పంచారామాలా? కారు మాట్లాడుకునే ముందు చూసుకోవాల్సినవి

రాజమండ్రిలోనో కాకినాడలోనో ట్రావెల్స్‌కి ఫోన్ చేసి "ఒక్క రోజులో పాత గుళ్ళు, కట్టడాలు చూడాలి" అనండి. అవతలి నుంచి "ఆయ్, ఎనిమిది చోట్లు చూపించేస్తామండి" అని వస్తుంది. చోట్ల లెక్కతో బేరం మొదలుపెడితే రోజు అక్కడే పాడవుతుంది. డెల్టాలో ఒక రోజు తిరుగుడుని నడిపించేది చోట్ల సంఖ్య కాదు, కిలోమీటర్లూ కాదు. మధ్యాహ్నం మూసే గుడి తలుపులు. ద్రాక్షారామంలో 12 కి మూసి 3 కి తీస్తారు. సామర్లకోటలో 12 కి మూస్తే మళ్ళీ 4 కే. పాలకొల్లు, భీమవరం కూడా ఇంచుమించు అంతే. ఈ మూడు నాలుగు గంటలు ఎక్కడ గడపాలో ముందే తేల్చుకున్నవాళ్ళు తీరిగ్గా చూసొస్తారు. తేల్చుకోనివాళ్ళు మూసిన తలుపు ముందు, ఏసీ వేసిన కారులో, మీటరు చూసుకుంటూ కూర్చుంటారు.

అందుకే దారుల్ని పోల్చేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకోండి: పన్నెండింటికి మనం ఎక్కడుంటాం?

చాళుక్యుల దారి: ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు

కట్టడాలు చూడాలన్నదే కోరికైతే మొదటి ఓటు దీనికే. మూడూ తూర్పు చాళుక్యుల కాలానివి, మూడూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. రాజమండ్రి నుంచి బయల్దేరి తిరిగి వచ్చేసరికి దాదాపు 140 నుంచి 150 కిలోమీటర్లు అవుతుంది. వీటిలో బిక్కవోలు మధ్యాహ్నం కూడా చూడదగ్గది కావడం ఈ దారికి కలిసొచ్చే సంగతి. అక్కడ అసలు పనితనం గుడి బయటి గోడల మీదే ఉంది. తలుపు వేసినా చూపుకి అడ్డు రాదు.

రాజమండ్రి నుంచి అయితే ఉదయం 6 కి బయల్దేరి ద్వారపూడి, మండపేట, రామచంద్రపురం మీదుగా 7.30 కల్లా ద్రాక్షారామం చేరండి. అక్కడ కనీసం రెండు గంటలు కావాలి. చాలామంది ముప్పావు గంటలో దర్శనం చేసుకుని బయటపడతారు, చూడాల్సిందంతా అలాగే మిగిలిపోతుంది. భీమేశ్వరాలయం రెండంతస్తుల గుడి. శివలింగం కింది అంతస్తులో మొదలై పైకి లేచి ఉంటుంది. కింద దర్శనమయ్యాక మెట్లెక్కి పైనుంచి మళ్ళీ చూడాలి. కింద గర్భగుడి చుట్టూ చీకటి ప్రదక్షిణ మార్గం ఉంది. ఒకప్పుడు మణులే వెలుగిచ్చేవని చెప్పుకుంటారు. ఇప్పుడు కాళ్ళ కింద నేల ఎలా ఉందో చూసుకుని నడవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పైకి ఎక్కించేముందు ఒకసారి మెట్లు చూసి నిర్ణయించుకోండి. మాణిక్యాంబ అమ్మవారు పద్ధెనిమిది శక్తిపీఠాల్లో ఒకరు కాబట్టి శుక్రవారం రద్దీ ఇంకాస్త ఎక్కువ.

ఇక శాసనాలు. ఈ గుడి స్తంభాల మీద, గోడల మీద నాలుగు వందల దాకా ఉన్నాయి. తెలుగు, సంస్కృతం, కొన్ని తమిళం. నిలబడి చూస్తే గరుకు రాయిలా కనిపిస్తుంది తప్ప అక్షరం దొరకదు. కారణం వెలుగు ఎదురుగా పడటం. చిన్న టార్చి తెచ్చుకుని, దాన్ని రాతికి ఆనించినంత దగ్గరగా పక్కనుంచి, అంటే గోడ వెంబడి జారేలా వేయండి. గాడిలో నీడ పడి అక్షరం పైకి తేలుతుంది. సెల్‌ఫోన్ లైటుని ఎదురుగా కొడితే ఉన్న కాస్తా మాయమవుతుంది. ఎక్కువ శాసనాల్లో సంగతి ఒకటే: ఫలానా వారు భీమేశ్వరుడికి అఖండ దీపం పెట్టారు, దాని నెయ్యి కోసం ఇన్ని జీవాల్ని ఇచ్చారు, వాటిని ఫలానా బోయడు (మందని కాసే మనిషి) అందుకున్నాడు, రోజూ ఇంత నెయ్యి పోయాలి. రాజుల పేర్లకంటే ఈ నెయ్యి లెక్కలే ఆసక్తిగా ఉంటాయి. రాతి మీద చేయి, నీళ్ళు, సుద్ద, పసుపు ఏదీ వేయకూడదు. గర్భగుడి వైపు ఫోటోలు తీయనివ్వరు. ప్రాకారంలో తీసుకోవచ్చా అన్నది అక్కడి సిబ్బందిని అడిగి తీయండి.

పదింటికల్లా ద్రాక్షారామం వదిలితే పదకొండు దాటుతుండగా సామర్లకోట చేరతారు. కాకినాడ టౌను తగలని దారిలో పొమ్మనండి. ఊళ్ళోకి వెళ్తే సిగ్నళ్ళ దగ్గరే పావుగంట పోతుంది, ఆ పావుగంట తలుపు వేళలోంచి తగ్గుతుంది. ఇక్కడి శివాలయం కుమారారామం కూడా రెండంతస్తులదే. రెండు గుళ్ళూ చాళుక్య భీముడి కాలానివిగా, అంటే క్రీ.శ. 892 నుంచి 922 మధ్యవిగా చెబుతారు. లింగం పద్నాలుగు అడుగులని అంటారు. అభిషేకం పైఅంతస్తులో జరుగుతుంది. ద్రాక్షారామం చూసిన కళ్ళతో అదే రోజు దీన్ని చూడటంలోనే ఉంది మజా. అక్కడ కొత్త కట్టుబడులు, సున్నాలు, రేకుల కింద కనపడని ఆకారం ఇక్కడ విడిగా, ఆరుబయట, పచ్చిక మధ్య తేటగా కనిపిస్తుంది. జనమూ తక్కువే, కార్తీకం మినహా. గర్భగుడి పన్నెండింటికి మూసినా మండపం స్తంభాలు, ఏకశిలా నంది చూడటానికి ఇంకో అరగంట చాలు.

భోజనం సామర్లకోటలోనో పెద్దాపురంలోనో కానిచ్చి రెండున్నరకి బిక్కవోలు. ఊరి పేరు గుణగ విజయాదిత్యుడి బిరుదైన 'బిరుదాంకరామ' మీదుగా వచ్చిందంటారు. తొమ్మిదో శతాబ్దం మాట. గోలింగేశ్వర, రాజరాజేశ్వర, చంద్రశేఖర ఆలయాలు ఊళ్ళో ఉన్నాయి. మరికొన్ని ఊరి అంచున పొలాల్లో ఉన్నాయి. డ్రైవర్లలో చాలామందికి ఇక్కడ తెలిసింది లక్ష్మీగణపతి గుడి ఒక్కటే. అక్కడ ఆపి "బిక్కవోలు అయిపోయిందండి" అనేస్తారు. "పొలాల్లో ఉన్న పాత గుళ్ళు" అని విడిగా అడగాలి. అక్కడ చూడాల్సింది గోడ మధ్యలో ఉండే గూళ్ళు. ఒక్కో గూడులో ఒక్కో మూర్తి, పైన మకరతోరణం. రెండు మొసళ్ళు నోళ్ళు తెరిచి తోరణాన్ని కక్కుతున్నట్టు చెక్కుతారు. ఆ మొసలి తోక చుట్లు గుడి గుడికీ ఎలా మారాయో పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే చోట పనితనం ఎలా ఎదిగిందో పుస్తకం అక్కర్లేకుండా తెలుస్తుంది. పొలం గట్టు మీద నడక తప్పదు. వానాకాలంలో బురద. వేసవిలో గుడి ఆవరణ రాయి అరికాలుని కాల్చేస్తుంది, మందపాటి మేజోళ్ళు ఒక జత పెట్టుకోండి. సాయంత్రం గోలింగేశ్వరుడి తలుపులు తీశాక లోపల చూసి, కాలువ గట్టు రోడ్డున ఆరింటికి రాజమండ్రి.

కాకినాడ వాళ్ళకి ఇదే దారి ఇంకా బాగా కుదురుతుంది. సామర్లకోట 7 కి, బిక్కవోలు 9 కి (అప్పుడు గోలింగేశ్వరుడి గుడి కూడా తెరిచే ఉంటుంది), దారిలో భోజనం, 3 కి తలుపు తీసే వేళకి ద్రాక్షారామం. మూత వేళ మొత్తం ప్రయాణంలోనూ భోజనంలోనూ కలిసిపోతుంది.

ఒక చిన్న సంగతి. రాజమండ్రి వాళ్ళు మండపేట దారిలో తాపేశ్వరం దగ్గర కాజా కోసం ఆగకుండా ఉండలేరు. వెళ్ళేటప్పుడు ఆగొద్దు. ఉదయం పోయిన ఇరవై నిమిషాలు సామర్లకోటలో మూసిన తలుపై తేలతాయి. వచ్చేది కాలువ దారి కాబట్టి తాపేశ్వరం తగలదు. అంతగా కావాలంటే ద్వారపూడి నుంచి చిన్న చుట్టు.

కోనసీమ దారి: ధవళేశ్వరం, ర్యాలి, పి.గన్నవరం, ఆదుర్రు, అంతర్వేది

ఇది చూపుకి అందమైన దారి, చరిత్రకి కష్టమైన దారి. కష్టమెందుకంటే ఇక్కడున్న వాటికి వివరం చెప్పే మనిషి లేకపోతే ఏమీ అర్థం కాదు.

ధవళేశ్వరంలో ఇప్పుడు మనం దాటే బ్యారేజి 1982 లో పూర్తయింది. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1847 నుంచి 1852 మధ్యది. నది మధ్య లంకలు ఉండటం వల్ల బ్యారేజి నాలుగు భాగాలుగా సాగుతుంది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. అన్నీ కలిపి 175 గేట్లు. కాటన్ మ్యూజియం తెల్లారగట్ల తెరిచి ఉండదు, దాన్ని తిరుగు దారిలో పెట్టుకోండి. అయితే చీకటి పడేలోపు రావాలి. ఈ పనులన్నిటికీ కొనసాగింపు పి.గన్నవరం అక్విడెక్టు. కింద వైనతేయ పాయ, పైన కాలువ నీళ్ళు. నది మీదుగా కాలువ నడవడం అన్నమాట. పంతొమ్మిదో శతాబ్దపు పాత కమాన్ల వంతెన, దాని పక్కన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తది, రెండూ కనిపిస్తాయి. టిక్కెట్టు లేదు, మూత వేళ లేదు. పన్నెండింటికి చూడటానికి కోనసీమలో ఇంతకంటే మంచి చోటు లేదు. చాలా ప్యాకేజీల్లో దీని పేరే ఉండదు.

ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే రాయి. ముందు విష్ణువు, వెనక మోహిని. అర్చకులే దీపం పట్టి వెనక జడ ముడి దాకా చూపిస్తారు, వేరే గైడు అక్కర్లేదు. కానీ శనివారం ఈ వైపు వెళ్ళొద్దు. పక్కనే ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి వేంకటేశ్వరుడికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే జనంతో గట్టు రోడ్డు నిండిపోతుంది. కారు కదలదు.

ఆదుర్రు వైనతేయ ఒడ్డున ఉన్న బౌద్ధ స్తూపం. ఊళ్ళో దుబరాజు దిబ్బ అంటేనే చెబుతారు. గైడు లేకుండా వెళ్తే పది నిమిషాల్లో "ఇటుకలేగా" అని వెనక్కి వచ్చేస్తారు. తెలిసినవాళ్ళు వెంట ఉంటే స్తూపం అడుగు బండిచక్రం ఆకారంలో ఎందుకు కట్టారో, చుట్టూ పొడుచుకొచ్చిన ఆయక వేదికలు ఏమిటో, సముద్రానికి ఇంత దగ్గర లంకలో భిక్షువులకేం పనో, అరగంట మాట్లాడతారు. నీడ తక్కువ, గొడుగు ఉండాలి.

అంతర్వేది ఈ దారికి చివరి కొస. రాజమండ్రి నుంచి నూరు కిలోమీటర్లకి పైన. లక్ష్మీనరసింహస్వామి గుడి, ఆపైన వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. గట్టు వైపు ఇసుకలోకి కారు దింపమని డ్రైవర్ని బలవంతపెట్టకండి. ముందు చక్రాలు దిగబడితే ట్రాక్టరు వచ్చి లాగేదాకా అక్కడే. భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం సమయంలో ఈ రోడ్ల మీద కారు యాత్ర పెట్టుకోవడం వృథా. ఆ రోజు ప్రభలు చూడ్డానికే వెళ్ళాలి, అదీ నడిచి.

పంట్ల (బండ్లని కూడా నది దాటించే పెద్ద పడవల) సంగతి తప్పకుండా చూసుకోవాలి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంటు మీద కారు దాటించవచ్చు. బోలెడు చుట్టు తప్పుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా దీన్ని నమ్ముకోకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, 13.75 కి రెండోది, 17.75 కి మూడోది. వరద మొదలైందంటే పంటు ఆగుతుంది, లంకల కాజ్‌వేలు మునుగుతాయి. ముందురోజు రాత్రి వార్తల్లో నీటిమట్టం చూసి, పంటు దాటే ఆలోచన ఉంటే చించినాడ వంతెన మీది దారిని కూడా లెక్కలో పెట్టుకోండి.

కొబ్బరితోటల మధ్య గట్టు రోడ్లు సన్నం. పదమూడు సీట్ల టెంపో ఎదురైన లారీకి దారి ఇవ్వలేక వెనక్కి పోవాల్సొస్తుంది. కోనసీమకి చిన్న కారే మేలు.

పంచారామాలు ఒక్క రోజులో

ఇది పుణ్యం కోసం చేసే యాత్ర. కట్టడాలు చూడటానికి కాదు. ఆ తేడా ముందే ఒప్పుకుంటే ఎవరికీ నిరాశ ఉండదు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట: రాజమండ్రి నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాజమండ్రికి 500 కిలోమీటర్లు దాటుతుంది. ఈ వరస ఊరికే పెట్టింది కాదు. రాత్రి 2 కి బయల్దేరితే 6 కి అమరావతి, 10 కి భీమవరం, 11.15 కి పాలకొల్లు. అక్కడితో తలుపులు మూసే వేళ. మధ్యాహ్నం ప్రయాణంలో గడిపి 3 తర్వాత ద్రాక్షారామం, 5.30 కి సామర్లకోట. ఎక్కడో ఒక టైరు పంక్చరై నలభై నిమిషాలు పోయిందనుకోండి, పాలకొల్లు తలుపు దాటిపోతుంది. నాలుగు దాకా కాసుకోవాలి. అప్పుడు సామర్లకోట రాత్రి మూసేవేళకి అందదు. ఐదింటిలో ఒకటి పోయిందని ఇంట్లో పెద్దవాళ్ళు ఏడాదంతా అంటూనే ఉంటారు.

కార్తీకమాసంలో ఆర్టీసీ పంచారామాల స్పెషల్ బస్సులు నడుపుతుంది. సోమవారాల రద్దీలో గుడి దగ్గరి పార్కింగు, క్యూ అలవాటున్న డ్రైవర్లు. ఇద్దరు ముగ్గురే అయితే ఆ నెలలో కారుకంటే బస్సే నయం. పిల్లలు, వృద్ధులు ఉంటే కారు, అదీ ఇద్దరు డ్రైవర్లతో. ఒక్క డ్రైవరు రాత్రి రెండింటి నుంచి మర్నాటి రాత్రి దాకా నడపడం ఎవరికీ మంచిది కాదు.

వేరే మార్గం కూడా ఉంది. అమరావతిని విడిగా బెజవాడ వెళ్ళినప్పుడు చూసుకుని, గోదావరి వైపున్న నాలుగింటినీ ఒక రోజు చేయడం. సామర్లకోట తెల్లవారి, ద్రాక్షారామం పదింటికి, ప్రయాణం, భోజనం, పాలకొల్లు నాలుగింటికి, భీమవరం ఆరింటికి. పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడి గోపురం 120 అడుగుల పైమాట. సాయంత్రం ఎండలో దాని పడమటి ముఖం బాగా కనిపిస్తుంది. భీమవరం గునుపూడి సోమారామంలో శివుడి పైఅంతస్తులో అన్నపూర్ణ అమ్మవారు ఉండటం మరెక్కడా చూడని ఏర్పాటు. పౌర్ణమికి తెలుపుగా, అమావాస్యకి ముదురు రంగులో లింగం కనిపిస్తుందంటారు. తేదీ మీ చేతిలో ఉంటే పౌర్ణమి దగ్గర పెట్టుకోండి. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం వైపు తలపెట్టకండి. కోడిపందేల బరుల దగ్గర ఆగిన కార్లతో రోడ్లే ఉండవు, అద్దెకి కారూ దొరకదు.

గుంటుపల్లి, యానాం

డెల్టా అంచు దాటి మెట్టకి పోగలిగితే గుంటుపల్లి. ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెం వాళ్ళకి చాళుక్యుల దారికంటే ఇదే దగ్గర. క్రీస్తు పూర్వపు బౌద్ధ గుహలు. గుండ్రటి చైత్యగుహలో తలెత్తి చూస్తే కప్పు లోపలి భాగం మన చుట్టిల్లు వాసాల్లాగే రాతిలో చెక్కి ఉంటుంది. కర్రతో కట్టే ఇంటిని రాతిలో దించారన్నమాట. మూత వేళ బెడద లేదు. చిన్న టిక్కెట్టు, మెట్లు, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పదింటిలోపు దిగిపోవాలి. దగ్గరలోనే ద్వారకా తిరుమల ఉంది కాబట్టి ఇంట్లో అందరినీ ఒప్పించడం సులువు.

యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఊరు. పాత చర్చి, గోదావరి గట్టు, దగ్గరలో కోరంగి మడ అడవులు. ద్రాక్షారామానికి దగ్గరే కాబట్టి కలిపి చేసుకోవచ్చు గానీ, దీనికోసమే రోజంతా అక్కర్లేదు. అది పుదుచ్చేరి పరిధి. ట్యాక్సీ పర్మిట్ సంగతి డ్రైవరే చూసుకోవాలని, దానికి ఖర్చుంటే ఎవరిదో, బేరంలోనే తేల్చుకోండి. అక్కడి నుంచి మందు సీసాలు తేవడం మాత్రం వద్దు. తనిఖీలో దొరికితే కారు, డ్రైవరు, మీ రోజు మూడూ పోతాయి.

కారు బేరం

రెండు పద్ధతులున్నాయి. లోకల్ ప్యాకేజీ, అంటే ఇన్ని గంటలు, ఇన్ని కిలోమీటర్లు. లేదా అవుట్‌స్టేషన్, కిలోమీటరుకి ఇంత, రోజుకి కనీసం 250 లేక 300 కిలోమీటర్ల లెక్క. చాళుక్యుల దారికి అవుట్‌స్టేషన్ ఒప్పుకుంటే తిరగని దూరానికి కడతారు. లెక్క చూడండి. కిలోమీటరుకి 13 రూపాయలు, కనీసం 300, డ్రైవర్ బత్తా 400 అన్నారనుకుందాం. తిరిగింది 150 అయినా 3,900 కి బత్తా కలిపి 4,300. అదే 12 గంటలకి 120 కిలోమీటర్లు 2,800, పైన కిలోమీటరుకి 14 అయితే, 150 కి అయ్యేది 3,220. పంచారామాలకి మాత్రం తలకిందులు. అక్కడ కిలోమీటరు లెక్కే చవక. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికే. సీజన్ని బట్టి, బండిని బట్టి మారతాయి.

మీటరు ఎక్కడ మొదలవుతుందో అడగండి. మీ ఇంటి గుమ్మం నుంచా, వాళ్ళ షెడ్డు నుంచా? షెడ్డు నుంచి షెడ్డుకి అంటే ఊరి అవతలి కొస నుంచి వచ్చే ఇరవై కిలోమీటర్లూ మీ ఖాతాలోనే. ఎక్కగానే మీటరుని ఫోటో తీసి పెట్టుకోవడం మొహమాటపడాల్సిన పని కాదు.

తెల్ల ప్లేటు సొంత కారు ఐదారు వందలు చవకగా వస్తుంది. ప్రమాదమైతే కిరాయికి తిప్పారన్న కారణంతో బీమా క్లెయిం తిరగ్గొట్టే అవకాశం ఉంది. పసుపు ప్లేటే తీసుకోండి. చాలా ట్యాక్సీలు గ్యాస్ బండ్లు. వెనక డిక్కీలో సిలిండరే సగం ఉంటుంది, బంకులో క్యూ అరగంట పడుతుంది. "రాత్రే గ్యాస్ కొట్టించి రండి" అని చెప్పకపోతే ఉదయం 6.15 కి మీరు బంకులోనే ఉంటారు. ముందు రాత్రి డ్రైవరుకి ఎయిర్‌పోర్టు డ్యూటీ ఉందో లేదో కూడా కనుక్కోండి.

దారి కూడా మీరే చెప్పండి. రాజమండ్రి, సామర్లకోట మధ్య ఏడీబీ రోడ్డు వెడల్పు, కానీ కాకినాడ పోర్టుకి పోయే లారీలు. కాలువ గట్టు రోడ్డు చల్లగా, నెమ్మదిగా, ఊళ్ళ మీదుగా. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, గడ్డి ట్రాక్టర్లు అడ్డొస్తాయి. అప్పుడు ప్రతి గంటకీ పదిహేను నిమిషాలు కలుపుకోవాలి.

గైడు: ఎవరిని, ఎందుకు

ఇక్కడ పోలిక ముగ్గురి మధ్య. డ్రైవరే గైడు అనే ప్యాకేజీ చవక. ఆయన చెప్పేది ఎక్కడ పార్కింగు, ఎక్కడ టిఫిను, ఏ మొక్కుకి ఏ ఫలం. అది పనికిరానిది కాదు, కానీ చరిత్ర కాదు. అర్చకస్వామి స్థలపురాణం శ్రద్ధగా, అందంగా చెబుతారు, రద్దీ లేనప్పుడు. సంభావన మీ ఇష్టం. మూడోది విడిగా మాట్లాడుకునే గైడు. రిటైరైన చరిత్ర మేష్టార్లు, శాసనాల మీద పనిచేసినవాళ్ళు డెల్టా ఊళ్ళలో దొరుకుతారు. కాలేజీ చరిత్ర విభాగంలోనో మ్యూజియంలోనో వాకబు చేయండి. రోజు రుసుము, భోజనం, ఎక్కడ ఎక్కించుకుని ఎక్కడ దింపాలి అన్నవి ముందే అనుకోవాలి.

ఫోన్లోనే రెండు ప్రశ్నలు వేస్తే మనిషి తెలుస్తాడు. "ద్రాక్షారామం శాసనాల్లో ఇనుపయెడ్లు అంటే ఏమిటండీ?" అని అడగండి. దీపం నెయ్యికి ఇచ్చిన, సంఖ్య తరగకూడని మంద అని చెబితే ఆయన శాసనాలు చదివినవారు. "సామర్లకోట గుడికీ ద్రాక్షారామానికీ కట్టడంలో తేడా ఏమిటి?" అంటే పురాణంలోకి వెళ్ళిపోయారనుకోండి, ఆ కథ అర్చకుల దగ్గరే వినొచ్చు, వేరే డబ్బు దండగ.

చాలామంది మరిచేది సీటు. చిన్న కారులో డ్రైవరు కాక నలుగురు. మీరే నలుగురైతే గైడు ఎక్కడ కూర్చుంటారు? ముగ్గురైతే చిన్న కారు, నలుగురైతే ఏడు సీట్ల బండి. ఉదయం గుమ్మంలో ఈ సంగతి బయటపడితే బండి మార్చడానికి గంట పోతుంది. గైడుని ముందు సీట్లో కాక మధ్య వరసలో కూర్చోబెట్టండి, వెనకవాళ్ళకీ వినబడుతుంది.

అందరికీ గైడు అవసరమా? ఆదుర్రుకి, బిక్కవోలుకి, ద్రాక్షారామం శాసనాలకి కచ్చితంగా కావాలి. పంచారామాలకి, ర్యాలికి, అంతర్వేదికి అక్కర్లేదు. గుంటుపల్లికి ముందురోజు రాత్రి ఒక గంట చదువుకుని వెళ్తే సరిపోతుంది.

బేరం కుదిరాక మాట మీద వదలకుండా వాట్సాప్‌లో ఇలా పెట్టండి: "ఆదివారం ఉదయం 6 కి మా ఇంటి దగ్గర పికప్. పసుపు ప్లేటు, ఏడు సీట్లు, ఏసీ. దారి: మండపేట మీదుగా ద్రాక్షారామం, కాకినాడ టౌను తగలకుండా సామర్లకోట, బిక్కవోలులో పొలాల్లో గుళ్ళతో సహా, కాలువ రోడ్డున తిరుగు. 12 గంటలు, 120 కి.మీ., పైన కి.మీ. కి ఇంత, గంటకి ఇంత. మీటరు మా ఇంటి నుంచి. బత్తా, పార్కింగ్ కలిపా, విడిగానా? రాత్రే గ్యాస్ కొట్టించాలి. గైడు గారిని దేవీచౌక్‌లో ఎక్కించుకోవాలి." అవతలి నుంచి ఒట్టి బొటనవేలు గుర్తు వస్తే చాలదు. కలిపా, విడిగానా అన్నదానికి జవాబు వచ్చేదాకా అడ్వాన్సు పంపకండి.